చిన్న తెరచాప పడవలో బరువు పంపకం, సమతౌల్యం

గాలికి ఎదురుగా ఏటవాలుగా సాగే పడవ మీద తెరచాప కలిగించే బలంలో ముందుకు లాగే భాగం కన్నా పక్కకు ఒరగదోసే భాగమే ఎక్కువ కాబట్టి, ఆ ఒరుగును ఏ బరువుతో, పడవ నడిగీతకు ఎంత ఎడంగా ఉండి ఎదుర్కోవాలన్నది తెరచాప పడవల నిర్మాణానికీ, వాటిని నడపడానికీ మూలమైన ప్రశ్న. పెద్ద ఓడ విషయంలో ఈ ప్రశ్నకు నిర్మాతే జవాబు చెబుతాడు. అడుగున సీసమో, ఇనుమో, రాళ్లో నింపి, అవి కదలకుండా బిగించి, ఓడ నీటిలో దిగకముందే దాని నిలకడను తేల్చేస్తాడు. నాలుగైదు మీటర్ల పడవలో అటువంటి స్థిరభారం ఉండదు. అందులో అన్నిటికన్నా బరువైనది తరచుగా దానిలో కూర్చున్న మనిషే, పైగా ఆ బరువు క్షణక్షణానికీ చోటు మార్చుకోగలదు. అందువల్ల చిన్న పడవ సమతౌల్యంలో సగమే నిర్మాణశాలలో తయారవుతుంది. మిగిలిన సగాన్ని నీటిమీద మనిషి ఒళ్లు పూరిస్తుంది.

సమతౌల్యం అనే మాట ఇక్కడ మూడు విషయాలకు వర్తిస్తుంది. పడవ పక్కకు పడిపోకుండా నిలవడం మొదటిది, ముక్కుకూ వెనుకచివరకూ మధ్య బరువు తగినట్టు సర్దుకోవడం రెండోది, చుక్కానితో పెనుగులాడకుండానే పడవ తిన్నగా సాగడం మూడోది. శిక్షణ పుస్తకాలు వీటిని వేరువేరు అధ్యాయాలుగా బోధించినా నీటిమీద ఇవి విడివిడిగా ఎదురుపడవు, ఒకదాన్ని సరిచేయబోతే మరొకటి కదులుతుంది. వివరణ సౌలభ్యం కోసం, నదికి వాడే మాటలనే గాలికీ వాడి, గాలి వచ్చే వైపును ఎగువ అనీ, గాలి పోయే వైపును దిగువ అనీ ఈ వ్యాసంలో వ్యవహరించడమైనది.

ఉదాహరణకు ఎంచుకోదగిన పడవ లేజర్. కెనడాకు చెందిన బ్రూస్ కిర్బీ 1969లో రూపకల్పన చేసిన ఈ ఒంటరి మనిషి పడవ 1996 అట్లాంటా ఒలింపిక్స్ నుంచి ఆ క్రీడల్లో ఉంది; 2019 తర్వాత పోటీల్లో దీన్ని ఐఎల్‌సీఏ అని పిలుస్తున్నారు. హైదరాబాదులోని హుస్సేన్ సాగర్‌లో వర్షాకాలపు గాలుల మీద జరిగే సెయిలింగ్ వారోత్సవానికి పేరు తెచ్చినవి కూడా ఈ పడవలే. దీని పొడవు సుమారు 4.2 మీటర్లు, వెడల్పు 1.4 మీటర్లకు కాస్త తక్కువ, ఖాళీ పడవ బరువు 59 కిలోలు, పూర్తి తెరచాప వైశాల్యం 7 చదరపు మీటర్లకు కొద్దిగా పైన. నడిపే మనిషి బరువు 80 కిలోలనుకుంటే, మనిషి పడవకన్నా బరువైనవాడు. ఈ ఒక్క పోలికలోనే చిన్న పడవల సమతౌల్యం ఎందుకు ప్రత్యేక శాస్త్రమో తెలుస్తుంది.

నిలకడ ఎక్కడినుంచి వస్తుంది

నీటిలో తేలే వస్తువు మీద రెండు బలాలు ఎప్పుడూ పనిచేస్తుంటాయి. మొత్తం బరువు కేంద్రీకృతమైనట్టు భావించే బిందువు గరిమనాభి, అక్కడ బరువు కిందికి లాగుతుంది. పడవ తొలగించిన నీటి రాశికి నడిమి బిందువు ఉత్ప్లవన కేంద్రం, అక్కడ నీరు పైకి నెడుతుంది. పడవ నిటారుగా ఉన్నప్పుడు ఈ రెండు బిందువులూ ఒకే నిలువు గీతమీద ఉంటాయి. పడవ ఒరిగినప్పుడు నీట మునిగిన భాగం ఆకారం మారి ఉత్ప్లవన కేంద్రం ఒరిగిన వైపుకు జరుగుతుంది, అప్పుడు కిందికి లాగే గీతకూ పైకి నెట్టే గీతకూ మధ్య ఎడం ఏర్పడుతుంది. ఆ ఎడమే పడవను తిరిగి నిలబెట్టే చేయి. ఒరిగిన పడవలో పైకి నెట్టే గీత నడిగీతను ఖండించే బిందువును మెటాసెంటర్ అంటారు; గరిమనాభి దానికి కింద ఉన్నంతవరకు పడవ తనంత తాను లేస్తుంది, పైకి చేరితే తిరగబడుతుంది. ఈ బిందువును నిర్వచించిన ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు పియర్ బూగే తన నౌకాశాస్త్ర గ్రంథాన్ని 1746లో ప్రకటించాడు. భూమి ఆకారాన్ని కొలిచే బృందంతో దక్షిణ అమెరికా వెళ్లి, సముద్రానికి దూరంగా ఆండీస్ కొండల్లో ఉన్న కాలంలోనే అతను ఆ గ్రంథంలో చాలా భాగం రాశాడు.

అంతకు ముందు నిర్మాతలకు అనుభవమూ కంటిచూపూ తప్ప వేరే ఆధారం లేదు. 1628లో స్వీడన్ యుద్ధనౌక వాసా బయలుదేరకముందు దాని నిలకడను పరీక్షించడానికి ముప్పైమంది నావికులను ఒక అంచునుంచి మరో అంచుకు పరుగెత్తించారు, మూడు పరుగులకే ఓడ ప్రమాదకరంగా ఊగడంతో పరీక్షను ఆపేశారు. అయినా ఆగస్టు 10న ఓడను సాగనంపారు. స్టాక్‌హోం రేవులోనే, కిలోమీటరున్నర దూరమైనా వెళ్లకుండా, ఒక గాలి విసురుకు అది మునిగిపోయింది. మనుషుల బరువును అటూ ఇటూ కదిపి నిలకడను కొలవడం సరైన పద్ధతే. లోపం కొలతలో కాదు, కొలత చెప్పినదాన్ని వినకపోవడంలో ఉంది.

చిన్న పడవకు నిలకడ రెండు మూలాలనుంచి లభిస్తుంది. ఒకటి ఆకారం. వెడల్పాటి, అడుగు చదునైన పడవ ఒరిగిన వెంటనే ఆ వైపున ఎక్కువ నీటిని తొలగించి గట్టిగా ఎదురు తిరుగుతుంది, కాని ఒరుగు ఒక హద్దు దాటాక ఈ సహాయం వేగంగా తగ్గి, అంచు నీటిలోకి దిగగానే దాదాపు మాయమవుతుంది. అందుకే ఇటువంటి పడవలు కొత్తవారికి మొదట ఎంతో నమ్మకంగా తోచి, తర్వాత హెచ్చరిక లేకుండా బోల్తా పడతాయి. రెండోది బరువు, అంటే మనిషి. కీల్ పడవల్లో బరువుది మరో రకం పని. పడవ అడుగున లోతుగా దిగే భారమైన రెక్కను కీల్ అంటారు, అది మొదట్లో పెద్దగా సాయపడకపోయినా ఒరుగు పెరిగేకొద్దీ పక్కకు జరిగి బలం పుంజుకుంటుంది. 1977నాటి జె/24 పడవలో సుమారు 1,400 కిలోల మొత్తం బరువుకు దాదాపు 430 కిలోలు ఈ భారమే. అయినా ఆ తరగతి నియమాలు పడవలోని మనుషుల మొత్తం బరువును 400 కిలోలకు పరిమితం చేశాయంటే, కీల్ ఉన్నచోట కూడా మనిషి బరువుకు విలువ తగ్గలేదన్నమాట.

అంచుమీద మనిషి

గాలి ఒత్తిడి వేగపు వర్గాన్ని అనుసరించి పెరుగుతుంది, అంటే గాలి వేగం రెట్టింపైతే తెరచాప మీద బలం నాలుగింతలవుతుంది. సెకనుకు 6 మీటర్ల గాలిలో 7 చదరపు మీటర్ల తెరచాప మీద సుమారు 19 కిలోల బరువుకు సమానమైన బలం పడుతుందని స్థూలంగా లెక్కకట్టవచ్చు. ఆ బలం పనిచేసే ఎత్తుకూ, పడవ అడుగునుంచి నీటిలోకి దించే పలక ఎదురొత్తే లోతుకూ మధ్య ఎడం 2.7 మీటర్లనుకుంటే, ఒరగదోసే బలభ్రామకం, అంటే బలాన్ని దూరంతో హెచ్చవేసిన విలువ, సుమారు 51 కిలో-మీటర్లు. (ఇక్కడ కిలో-మీటరంటే దారి కొలత కాదు, ఒక మీటరు ఎడంలో ఒక కిలో బరువు.) 80 కిలోల మనిషి అంచుమీద మామూలుగా కూర్చుంటే అతని గరిమనాభి నడిగీతకు సుమారు 0.6 మీటర్ల ఎడంలో ఉండి 48 వస్తుంది. పడవ ఆకారం ఇచ్చే కొద్దిపాటి సాయంతో లెక్క సరిపోతుంది. గాలి సెకనుకు 8 మీటర్లకు పెరిగితే ఒరగదోసేది 90 దాటుతుంది. అప్పుడు మనిషి నడుమును అంచు దాటించి, వీపును నీటిమీదికి వాల్చి, ఎడాన్ని మీటరుదాకా పెంచుకున్నా 80 మించదు. మిగిలినదాన్ని తెరచాపను చదును చేసో, తాడు కొంచెం వదిలి గాలిని జారవిడిచో తీర్చుకోవాలి, అంటే దొరికిన గాలిలో కొంత పారబోయాలి. బరువును మరో అరచేయి దూరం బయటికి జరపగలిగినవాడు ఆ మేరకు తక్కువ పారబోస్తాడు, పోటీలో తేడా అక్కడే వస్తుంది.

పడవ గుంతలో అడుగున బిగించిన పట్టీ కింద పాదాలు ఇరికించి, తొడల బలంతో ఒళ్లంతా బయటికి వాల్చడాన్ని హైకింగ్ అంటారు. దీన్ని వ్యాయామ శాస్త్రం స్థాయికి తెచ్చిన ఘనత డెన్మార్కుకు చెందిన పాల్ ఎల్‌స్ట్రోమ్‌ది. 1948 నుంచి 1960 వరకు వరుసగా నాలుగు ఒలింపిక్స్‌లో బంగారు పతకాలు గెలిచిన ఇతను ఒడ్డునే బల్ల తయారుచేసుకుని దానిమీద గంటలకొద్దీ వాలి సాధన చేసేవాడు. తొడల మీదా నడుము మీదా పడే ఈ భారం చూడటానికి కనిపించేదానికన్నా చాలా ఎక్కువ. పడవ వేగంలో అందం చూసే ప్రేక్షకుడికి, ఆ వేగాన్ని నిలబెట్టే కండరాలు వణుకుతున్న సంగతి ఒడ్డునుంచి తెలియదు.

ట్రపీజ్ దీనికి తరువాతి మెట్టు. తెరచాపను నిలబెట్టే కంబం పైభాగంనుంచి దిగిన తీగకు నడుముపట్టీని తగిలించుకుని, పాదాలు మాత్రం అంచుకు ఆనించి, మనిషి నిలువునా నీటిమీద వేలాడతాడు. అలా అతని గరిమనాభి అంచుకు దాదాపు ఒక మీటరు అవతలికి వెళుతుంది. 1938లో ఇంగ్లండులో పీటర్ స్కాట్, జాన్ వింటర్ ఈ సాధనంతో ప్రిన్స్ ఆఫ్ వేల్స్ కప్పు గెలవగా, ఆ కప్పు పోటీ జరిగిన పడవ తరగతి వారు దాన్ని వెంటనే నిషేధించారు. యుద్ధానంతరం వచ్చిన కొత్త తరగతులు దాన్ని నియమాల్లోనే చేర్చుకున్నాయి. 470 పడవలో ఒకరికీ, 49ఇఆర్ పడవలో ఇద్దరికీ ట్రపీజ్ ఉంటుంది.

బరువును బయటికి జరపలేనివారు బరువునే పెంచుకున్న కాలమూ ఒకటి ఉంది. తడిసిన ఉన్ని దుస్తులు, నీటి సంచులున్న కోట్లు వేసుకుని నడిపే అలవాటు వెన్నెముకలకు చేటు చేయడంతో పోటీ నియమావళి, దుస్తులూ ఒంటిమీది సామగ్రీ కలిపి 8 కిలోలు మించరాదని సాధారణ పరిమితి పెట్టింది. తేలికైన మనిషికి న్యాయమైన మార్గం తెరచాపను తగ్గించడమే. లేజర్ పడవకే 5.76, 4.7 చదరపు మీటర్ల చిన్న తెరచాపలు ఉండటం ఇందుకే. ఒకే పడవ తెరచాప మార్చుకుని బడిపిల్లలకూ, స్త్రీలకూ, భారీకాయులకూ సరిపోతుంది.

ఒరుగు, చుక్కాని

తెరచాప మీది గాలి బలమంతా ఒకచోట పనిచేస్తున్నట్టు భావించే బిందువు తెరచాప కేంద్రం. నీటి కింద పలక, చుక్కాని, పడవ పక్కభాగం కలిసి అడ్డంగా జారకుండా ఎదురొత్తే చోటు పార్శ్వ నిరోధ కేంద్రం. మొదటిది రెండోదానికి వెనుకపడితే పడవ ముక్కు ఎగువకు తిరగజూస్తుంది, ముందుకు వస్తే దిగువకు పోతుంది. ఎగువకు తిరిగే స్వల్ప గుణాన్ని నిర్మాతలు కావాలనే ఉంచుతారు, ఎందుకంటే చుక్కాని పిడి చేజారినా పడవ గాలికెదురు తిరిగి తనంత తాను ఆగిపోతుంది. అయితే ఆ గుణం ఎక్కువైతే పడవను తిన్నగా ఉంచడానికి చుక్కానిని ఎప్పుడూ అడ్డంగా తిప్పి పట్టుకోవలసి వస్తుంది, అడ్డం తిరిగిన చుక్కాని నీటిలో బ్రేకులా పనిచేస్తుంది.

ఇది కంబం వంపుకూ పలక స్థానానికీ సంబంధించిన వ్యవహారంగా కనిపించినా, నడుస్తున్న పడవలో దీన్ని అన్నిటికన్నా ఎక్కువగా మార్చేది ఒరుగే. పడవ దిగువకు ఒరిగినప్పుడు తెరచాప లాగే బలం నీటిమీదికి, పడవ పక్కకు చేరుతుంది, పడవను వెనక్కి పట్టే నీటి నిరోధం మాత్రం పడవ దగ్గరే ఉంటుంది. ఈ రెండూ ఒక జంటగా పనిచేసి ముక్కును ఎగువకు తిప్పుతాయి. దీనికి తోడు నీట మునిగిన వైపు ఆకారం సౌష్ఠవం తప్పి, గుండ్రటి దిగువ అంచు ముక్కును అటే నెడుతుంది. బరువైన చుక్కానితో అవస్థపడే కొత్తవాడు పిడిని ఇంకా గట్టిగా లాగుతాడు. అనుభవజ్ఞుడు నడుము బయటికి వాల్చి పడవను నిటారు చేస్తాడు, చుక్కాని వెంటనే తేలికవుతుంది. మరో మాటలో చెప్పాలంటే, చిన్న పడవకు రెండు చుక్కానులు. ఒకటి వెనుకచివర వేలాడుతుంది, రెండోది అంచుమీద కూర్చుంటుంది. పడవను దిగువకు ఒరగనిస్తే అది ఎగువకు తిరుగుతుంది, ఎగువకు ఒరగదీస్తే దిగువకు తిరుగుతుంది. చుక్కాని ముట్టకుండా, ఊడదీసి కూడా, ఒళ్లుతోనే పడవను మలుపు తిప్పడం శిక్షణలో ఒక భాగం.

గాలివాటున సాగేటప్పుడు లేజర్, ఆప్టిమిస్ట్ వంటి ఒకే తెరచాప పడవలను కావాలనే కొంచెం ఎగువకు ఒరగదీస్తారు. ఆ దశలో చాప పూర్తిగా ఒక పక్కకు తెరుచుకుని లాగుతుంది కాబట్టి, ఒరుగు దాని కేంద్రాన్ని తిరిగి పడవ మీదికి తెస్తుంది, చుక్కానికి పని తగ్గుతుంది, నీటిని ఒరుసుకునే అడుగుభాగం వైశాల్యమూ కొంత తగ్గుతుంది. గాలి దాదాపు పడిపోయినప్పుడు మాత్రం దిగువకు ఒరగనిస్తారు, సొంత బరువుతో వేలాడిన చాప తన వంపును నిలుపుకుంటుందని. ఇటువంటి సమయంలో పడవను పదేపదే ఊపి ముందుకు నెట్టుకోవడం సాధ్యమే గాని, పోటీ నియమావళిలోని 42వ నియమం దాన్ని అనుమతించదు.

ముందు వెనుకల తూకం

నెమ్మదిగా కదిలే పడవకు శత్రువు నీటి రాపిడి. వెనుకచివర చదునుగా కోసినట్టుండే పడవలో ఆ చివర నీటిలో మునిగితే వెనుక సుడులు లేచి లాగుతాయి, అందుచేత తేలికపాటి గాలిలో మనిషి వీలైనంత ముందుకు, పలక గూడు దగ్గరికి జరిగి వెనుకచివరను నీటినుంచి పైకి లేపుతాడు. చెవితో కూడా దీన్ని కనిపెట్టవచ్చు. వెనుక నీరు గలగలమంటే బరువు ఇంకా వెనుకే ఉన్నట్టు, చప్పుడు ఆగితే సరిపోయినట్టు.

వేగం పెరిగేకొద్దీ శత్రువు మారుతుంది. కదిలే పడవ ముక్కు దగ్గర ఒక అలను లేపుతుంది, వేగంతోపాటు ఆ అల నిడివి పెరిగి పడవ పొడవుకు సమానమైనప్పుడు పడవ తాను సృష్టించుకున్న గుంటలో చిక్కుకుంటుంది. నీటి గీత దగ్గర 3.8 మీటర్ల పొడవున్న లేజర్‌కు ఈ హద్దు గంటకు సుమారు 8.8 కిలోమీటర్లు. భారీ పడవలు ఇక్కడే ఆగిపోతాయి. తేలికైన, వెనుకభాగం చదునైన పడవ మాత్రం తగిన గాలి దొరికితే ముక్కు పైకెత్తి, ముక్కు అలను వెనుక వదిలి నీటిమీద జారుతుంది; దీన్నే ప్లేనింగ్ అంటారు. పక్కగాలిలో ఒక విసురు రాగానే పడవను నిటారుగా ఉంచుతూ బరువును వెనక్కి జరపడం ఈ దశకు తాళంచెవి. క్షణం ఆలస్యమైతే ముక్కు నీటిలో గుచ్చుకుంటుంది, తొందరపడి ముందే వెనక్కి జరిగితే వెనుకచివర మునిగి పడవ పైకెక్కదు. ఇంగ్లండులో ఉఫా ఫాక్స్ 1928లో నిర్మించిన అవెంజర్ ఈ ప్రవర్తన కోసమే తీర్చిన అడుగుతో ఖ్యాతి పొందింది.

బరువు ఎంత అన్నదానితోపాటు ఎక్కడెక్కడ చెదిరి ఉందన్నది కూడా ముఖ్యమే. ఊగే వస్తువు మొండితనాన్ని కొలిచే జడత్వ భ్రామకం దూరపు వర్గంతో పెరుగుతుంది కాబట్టి, పడవ నడిమికి అర మీటరు ఎడంలో ఉన్న రెండు కిలోల సామాను రెండు మీటర్ల ఎడానికి చేరితే, మొత్తం బరువు మారకపోయినా దాని ప్రభావం పదహారింతలవుతుంది. చివరల్లో బరువున్న పడవ అలకు వెంటనే లేవదు, లేచాక వెంటనే దిగదు, ముక్కు అలల్లో దిగబడుతూ వేగం కోల్పోతుంది. ఇద్దరుండే పడవలో ఇద్దరూ భుజాలు తగిలేంత దగ్గరగా కూర్చోవడానికీ, నీళ్ల సీసా, లంగరు, తాళ్లు నడిమిగానే పెట్టడానికీ కారణం ఇదే. ఫిన్ తరగతి పోటీల్లో మధ్యలో బరువు, చివరల్లో తేలిక ఉండేలా రహస్యంగా పడవలు కట్టించుకునే ధోరణి పెరగడంతో, గిల్బెర్ట్ లాంబొలే అనే ఫ్రెంచివాడు పడవను లోలకంలా వేలాడదీసి ఊపి, ఊగే కాలంనుంచి బరువు పంపకాన్ని రాబట్టే పరీక్షను కనిపెట్టగా, 1970లలో దాన్ని ఆ తరగతి నియమంగా స్వీకరించారు.

కదిలే భారం, కదిలే నీరు

మనిషికి బదులు వస్తువును కదిపి సమతౌల్యం సాధించే ప్రయత్నాలు పాతవే. 19వ శతాబ్దంలో న్యూయార్కు రేవులో పందేలాడిన శాండ్‌బ్యాగర్లు అనే వెడల్పాటి పడవల్లో, ప్రతి మలుపులోనూ మనుషులు ఒక్కొక్కటి ఇరవై కిలోలు దాటే ఇసుక మూటలను కొత్త ఎగువ అంచుకు చేరవేసేవారు. చేరవేత ఒక్కసారి తడబడితే మూటలు దిగువన ఉండిపోయేవి, పడవ అక్కడికక్కడే తిరగబడేది. పాక్ జలసంధి ప్రాంతపు తమిళ జాలర్లు పడవకు అడ్డంగా ఎగువ వైపు చాచిన పలకమీద మనుషులను కూర్చోబెట్టేవారు. సింహళ జాలర్ల ఒరువ పడవకు ఒకే పక్కన, ఎప్పుడూ ఎగువనే ఉండేలా, తేలే దుంగ ఒకటి కట్టి ఉంటుంది. గాలి పెరిగినకొద్దీ దాన్ని పట్టి ఉంచే వాసాల మీదికి మనుషులు ఒక్కరొక్కరే పాకుతూ వెళ్లేవారు. అందుకే ఒకరి గాలి, ఇద్దరి గాలి, ముగ్గురి గాలి అని గాలినే మనుషుల లెక్కన కొలిచే వాడుక వారిలో ఏర్పడింది. కొలమానంగా ఇది ఎంతో నిక్కమైనది, గాలి వేగానికి బదులు గాలి కోరే బరువును చెబుతుంది కాబట్టి.

ఎవరూ కోరని కదిలే భారం పడవలోకి చేరిన నీరు. గుంతలో నిలిచిన 50 లీటర్ల నీరు 50 కిలోల బరువే అయినా, పడవ ఏ వైపు ఒరిగితే ఆ వైపుకే పరుగెత్తి ఒరుగును పెంచుతుంది. మనిషి చేసే పనికి ఇది సరిగ్గా వ్యతిరేకం. కోస్తాంధ్ర జాలర్ల తెప్ప ఈ చిక్కును మొదటినుంచీ ఎరగదు. దుంగలను పక్కపక్కనే పేర్చి కట్టిన తెప్పకు నీరు నిలిచే గుంతే లేదు, మీద పడిన కెరటం దుంగల సందుల్లోంచి జారిపోతుంది. ఆధునిక పడవల్లో గుంత అడుగున రంధ్రం పెట్టి, పడవ సాగే వేగంతో నీరు దానంతట అదే బయటికి పీల్చుకుపోయేలా చేస్తారు.

పడవ బోల్తా పడినప్పుడు కూడా పరిష్కారం బరువును దూరంగా నిలపడమే. తాడు వదిలేసి, నీటిలో ఈదుతూ పడవ అడుగు వైపుకు చేరి, అడ్డంగా పొడుచుకొచ్చిన పలకమీద ఎక్కి నిలబడి, అంచు పట్టుకుని వెనక్కి వాలితే, చాపలో నిలిచిన నీరు జారిపోయి కంబం మెల్లగా పైకి లేస్తుంది. తేలికైన మనిషి పలక కొసమీద నిలబడాలి. పడవ మునగకుండా అమర్చే గాలి పెట్టెలు మరీ పెద్దవైతే పక్కకు పడ్డ పడవ నీటిమీద ఎత్తుగా తేలి పలక చేతికి అందదు, మరీ చిన్నవైతే పడవ లేచినా నీటితో నిండిపోయి ఉంటుంది. క్లార్క్ మిల్స్ 1947లో అమెరికాలోని ఫ్లారిడాలో పిల్లల కోసం గీసిన ఆప్టిమిస్ట్ రెండో రకానికి చెందినది. 2.3 మీటర్ల పొడవు, 35 కిలోల బరువున్న ఆ పెట్టెలాంటి పడవలో మూడు గాలి సంచులు కట్టి ఉంటాయి కాబట్టి మునగదు, కాని లేవగానే అంచులదాకా నీరుంటుంది. అందులోని పిల్ల చాపను గాలికి వదిలేసి, పడవ నడిమధ్యన కదలకుండా కూర్చుని, చాలావరకు నీటిని ముంతతో తోడిపోసేదాకా తాడు చేతబట్టకూడదు.